సీమపంది జబ్బకు పట్టించే పొడి మసాలా: మన సరుకులతో ఎలా కలుపుకోవాలి?

కావలి కోడలు
క్రిస్మస్‌కు వచ్చే బంధువుల కోసం ఈసారి మామూలు పందికూర కాకుండా, సీమపంది జబ్బను ముక్కలు కొట్టించకుండా పెద్ద తునకగానే తెచ్చి, పొడి మసాలా పట్టించి ఓవెన్‌లో నిదానంగా కాల్చాలని అనుకుంటున్నాను. ఎముక కాకుండా మాంసం సుమారు రెండు కిలోలు ఉంటుంది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు పంపిన కొలతల్లో పాప్రికా, బ్రౌన్ షుగర్, ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి, ఆవపొడి, జీలకర్ర, మిరియాలు, ఉప్పు ఉన్నాయి, అవన్నీ కప్పుల లెక్కలో ఉన్నాయి. మా వీధి అంగళ్లలో పాప్రికా అడిగితే రంగు పొడి చూపిస్తున్నారు. దాని బదులు ఏమి వాడవచ్చు, ఉప్పు ఎంత వేయాలి, మసాలా మొత్తం ముందే కలిపి సీసాలో పెట్టుకుంటే నిలువ ఉంటుందా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

పొదిలి మాస్టారు
అమ్మా, మీ మూడు ప్రశ్నల్లో ఉప్పును ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే అది కుదిరితే మిగిలినవి కొంచెం అటూ ఇటూ అయినా తునక తినేలాగే ఉంటుంది. ఉప్పును మసాలాలో కలపవద్దు. దాన్ని విడిగా, మాంసం బరువును బట్టి తూకం వేసి పట్టించాలి. కిలో మాంసానికి 12 నుంచి 15 గ్రాముల ఉప్పు సరిపోతుంది కాబట్టి మీ రెండు కిలోలకు 26 గ్రాములతో మొదలుపెట్టవచ్చు. చెంచాల లెక్క ఇక్కడ పనికిరాదు. మెత్తని ఉప్పు ఒక చెంచాలో పట్టినంత బరువు కచ్చాపచ్చాగా దంచిన కల్లుప్పు పట్టదు, అందువల్ల అదే చెంచాతో కొలిచినా ఒక ఇంట్లో ఉప్పగా, మరొక ఇంట్లో చప్పగా వస్తుంది.

ఉప్పును వేరుచేయమనడానికి అసలు కారణం మరొకటి ఉంది. మాంసానికి మనం పట్టించే వాటిలో లోపలిదాకా వెళ్లేది ఉప్పు ఒక్కటే అనుకోవచ్చు. మిరప, ధనియాలు, మిరియాలు, వెల్లుల్లి ఇచ్చే రుచి పదార్థాలు ఎన్ని గంటలు నానబెట్టినా పైపొర నుంచి కొన్ని మిల్లీమీటర్లు దాటవు. ఉప్పు మొదట మాంసంలోని నీటిని బయటకు లాగుతుంది, ఆ నీటిలో తానే కరుగుతుంది, ఆ తరువాత కరిగిన ఉప్పు నిదానంగా కండలోకి పోయి అక్కడి మాంసకృత్తులను కొంత సడలించడం వల్ల కాల్చేటప్పుడు రసం ఎక్కువగా కారిపోకుండా ఉంటుంది. దీనికి సమయం కావాలి కనుక ముందురోజు సాయంత్రమే ఉప్పు రాసి, మూత వేయకుండా ఫ్రిజ్ అడుగు అరలో పళ్లెంలో పెట్టండి. మరునాటికి పైభాగం తడి ఆరి ఉంటుంది. మసాలాను పొయ్యి ఎక్కించే ముందు గంటలోపల పట్టిస్తే చాలు.

యార్డు మనిషి, ఒంగోలు
మాస్టారు గారు ఉప్పు సంగతి చెప్పారు కనుక నేను మిరప గురించి చెబుతాను, మాది తరాలుగా మిరప వ్యాపారం.

పాప్రికా అనేది హంగరీ, స్పెయిన్ దేశాల్లో ఎక్కువగా పండించే, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే మిరప పొడి. అమెరికా వాళ్ల కొలతలో కప్పుల కొద్దీ వేయగలగడానికి కారణం అదే. ఆ కప్పును మన గుంటూరు సన్నం కారంతో గానీ, తేజ రకంతో గానీ నింపితే మీ బంధువులు కన్నీళ్లతో తినవలసి వస్తుంది. దానికి దగ్గరగా వచ్చేది కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి మిరప. ముడతలు పడి, ముదురు ఎరుపులో ఉండే ఆ కాయలు ఒంగోలు, నెల్లూరు కిరాణా అంగళ్లలో దొరుకుతాయి. తొడిమలు తీసి, గింజల్లో సగం దులిపి, ఎండలోనో సన్నని సెగ మీదనో గలగలలాడేలా చేసి పొడి కొట్టుకోండి. పొడిగా అమ్మేది కొనవద్దని నా సలహా. చూపించినది రంగు పొడి అని మీరే గుర్తుపట్టారు కనుక ఎక్కువ చెప్పనక్కరలేదు.

నా లెక్కలో రెండు కిలోలకు 20 గ్రాముల బ్యాడిగి పొడి రంగుకు, 5 లేదా 6 గ్రాముల సన్నం కారం ఘాటుకు. ఈ రెండింటినీ ఒకే కాయతో సాధించాలని చూస్తే రంగు చాలేసరికి కారం మించుతుంది, కారం చాలేసరికి రంగు వెలవెలబోతుంది.

నెల్లూరు పెద్దమ్మ
నాకు ఈ ఏర్పాటంతా అనవసరమైన హడావిడిగా కనిపిస్తున్నది. మన ఇళ్లలో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు కలిపి రోట్లో దంచిన వెల్లుల్లి కారం ఎప్పుడూ ఉంటుంది. దానికి వేయించిన ధనియాల పొడి, మిరియాల పొడి, ఒక చెంచా ఎండుకొబ్బరి, కొంచెం గసగసాలు చేర్చి పట్టిస్తే సరిపోదా? చక్కెర, బెల్లం మాంసానికి వేయడం మన పద్ధతి కాదు, మాంసం తియ్యగా ఉంటే మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

పొదిలి మాస్టారు
పెద్దమ్మ గారి మాటలో సగం నాకు పూర్తిగా సమ్మతమే, వెల్లుల్లి కారం నిజంగా ఈ మసాలాకు దగ్గరి చుట్టం. కానీ రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది, రోట్లో దంచిన కారంలో పచ్చి వెల్లుల్లి తడి ఉంటుంది. కూరలోనూ వేపుడులోనూ ఆ తడి మేలే చేస్తుంది గాని, గంటల తరబడి పొడి సెగ తగిలే చోట వెల్లుల్లి రేకులు మాంసం ఉడికేలోపలే నల్లబడి చేదెక్కుతాయి. రెండవది కొబ్బరి, గసగసాలు. వాటిలో నూనె ఎక్కువ కాబట్టి పైపొరలో త్వరగా మాడతాయి, నిలువ పెడితే ముక్కిన వాసన వస్తుంది. పంది జబ్బలో కొవ్వు సహజంగానే ఉంది, దానికి మళ్లీ నూనెగింజలు తోడు అవసరం లేదు. కూరలోకి మాత్రం మీరు చెప్పినట్లే వేసుకోవచ్చు.

ఇక బెల్లం విషయం. తీపి కోసం కాదు, పైపొర ముదురు రంగులో గట్టిపడడానికి కొద్దిగా వేస్తారు. కిలోకు 10 గ్రాములు వేస్తే నాలుకకు తీపి తెలియదు, కారాన్ని మాత్రం గుండ్రంగా చేస్తుంది. ఉలవపాడు, సింగరాయకొండ వైపు తాటిబెల్లం దొరికితే అది ఇంకా బాగుంటుంది, బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్ (చక్కెర మడ్డి) వల్ల వచ్చే ముదురు వాసనకు అది చాలా దగ్గరగా ఉంటుంది. అయితే బెల్లంలో చక్కెరతోపాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉండడం వల్ల తెల్ల చక్కెర కంటే ముందే రంగు తిరుగుతుంది. ఓవెన్ 120 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నంతసేపు భయం లేదు. 180 దాటిస్తే మాత్రం బెల్లం మానేయడమే మేలు.

నెల్లూరు పెద్దమ్మ
సరే మాస్టారూ, కొబ్బరి మానేస్తాను. బెల్లం మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.

గూడూరు నిమ్మతోట
పులుపు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. కొవ్వు ఉన్న మాంసానికి పులుపు లేకపోతే మూడో ముక్కకే మొహం మొత్తుతుంది. మా వైపు నిమ్మకాయలకు కొదవ లేదు కాబట్టి నేను నిమ్మ పైతొక్కను, తెల్లభాగం రాకుండా, సన్నగా తురిమి నీడలో ఎండబెట్టి మసాలాలో కలుపుతాను. రసం పోస్తే పొడి మసాలా ముద్ద అయిపోయి పైపొర గట్టిపడదు, తొక్కలో ఉన్న నూనె వాసనను మాత్రమే ఇస్తుంది. పులుపును వడ్డించేటప్పుడు ముక్కల మీద నిమ్మరసం పిండి ఇవ్వవచ్చు, లేదా పొడి పులుపే కావాలంటే రెండు కిలోలకు 5 గ్రాముల ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) కలపవచ్చు. చింతపండు పొడి తేమ లాగి గడ్డ కడుతుంది కనుక నేను వాడను.

కావలి కోడలు
అందరికీ కృతజ్ఞతలు. వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి ఇంట్లోనే చేసుకోవచ్చా? అంగట్లో దొరికే సీసాల్లో పిండి కలిసినట్లు అనిపిస్తుంది. మరొక సందేహం, జబ్బ మీద తోలు ఉంచాలా, తీయించాలా?

సింగరాయకొండ పొయ్యి
తోలు గురించి నేను చెబుతాను. మన వైపు పందిని కాల్చి, వెంట్రుక గీకి, తోలుతోనే అమ్ముతారు. కూరకు అది బాగుంటుంది. పొడి మసాలాకు మాత్రం తోలు ఒక గోడ, ఉప్పు కూడా దాన్ని దాటి లోపలికి పోలేదు. కసాయి అంగట్లోనే తోలు తీయించి, దాని కింద ఉన్న కొవ్వును అర సెంటీమీటరు మందాన ఉంచమని అడగండి. ఆ కొవ్వు మీద కత్తితో అడ్డగీతలు, నిలువుగీతలు పెడితే మసాలా పట్టుకోవడానికి అంచులు ఏర్పడతాయి. తీసిన తోలును పారేయకుండా విడిగా ఉడికించి వేపుడు చేసుకోవచ్చు. ముందుగా చెప్పి ఉంచకపోతే అలవాటు కొద్దీ ముక్కలు కొట్టేస్తారు కాబట్టి తెల్లవారుజామునే వెళ్లి జబ్బను తునకగా పక్కన పెట్టించుకోండి. తొడ కంటే జబ్బే ఈ పనికి మంచిది. తొడలో కొవ్వు తక్కువ కనుక గంటల సెగకు పీచులా ఎండిపోతుంది.

యార్డు మనిషి, ఒంగోలు
వెల్లుల్లి పొడి ఇంట్లో తేలికగానే అవుతుంది గాని కాలం చూసుకోవాలి. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది, నెల్లూరుకైతే ఏడాది వానలో పెద్ద వాటా అప్పుడే వస్తుంది. కనుక నవంబరులో మిద్దె మీద వెల్లుల్లి ఆరబెడితే ఆరకపోగా బూజు పడుతుంది. రేకులను పలుచగా తరిగి, ఓవెన్‌ను 60 డిగ్రీల దగ్గర పెట్టి, తలుపు కొద్దిగా తెరిచి, ఐదారు గంటలు ఉంచితే వంచితే పుటుక్కున విరిగే స్థితికి వస్తాయి. రంగు తిరగకూడదు, తిరిగితే చేదు. ఉల్లికి మరింత సమయం పడుతుంది. నిజం చెప్పాలంటే ఉల్లి పొడి లేకపోయినా నష్టం లేదు, దాని స్థానంలో ఒక 4 గ్రాముల శొంఠి వేస్తే పంది మాంసానికి అంతకంటే బాగా అతుకుతుంది.

మర్రిపాడు మిరియం
మీరంతా సరుకులు చెప్పారు గాని వేయించాలా వద్దా అన్నది చెప్పలేదు. ధనియాలు, జీలకర్ర పచ్చిగా పొడి చేస్తే సరిపోతుందా, లేక కూర పొడికి లాగా వేయించుకోవాలా?

పొదిలి మాస్టారు
చాలా మంచి ప్రశ్న. కూర పొడికి మనం బాగా ఎర్రగా వేయిస్తాం, ఎందుకంటే ఆ పొడి చివరలో పడుతుంది, ఆపై ఎక్కువ సెగ చూడదు. పట్టించే మసాలా సంగతి వేరు, అది మాంసంతోపాటు గంటల తరబడి కాలుతూనే ఉంటుంది. ముందే ఎర్రగా వేయించినవి అక్కడ రెండవసారి కాలి చేదెక్కుతాయి. అందువల్ల ధనియాలు, జీలకర్ర చేతికి వేడి తగిలి వాసన మొదలయ్యే దాకా మాత్రమే వేడిచేసి దించేయాలి. మిరియాలు, ఆవాలు అసలు వేయించవద్దు. మెంతులు వేయవద్దు. లవంగం, దాల్చినచెక్క ఇష్టమైతే రెండు కిలోలకు రెండు గ్రాములకు మించకుండా, ఎందుకంటే ఈ రెండూ మిగిలిన వాటన్నిటినీ కప్పేస్తాయి.

పొడి మరీ మెత్తగా కూడా ఉండకూడదు. మిల్లులో మైదాలా కొట్టిస్తే కొవ్వుతో కలిసి బురదలా అతుక్కుంటుంది. ధనియాలు, మిరియాలు రవ్వలా బరకగా ఉంటే పైపొరలో పంటికి తగులుతాయి, మిరప మాత్రం మెత్తగా ఉండవచ్చు.

ఇప్పటిదాకా అనుకున్నవాటిని కలిపి రెండు కిలోల జబ్బకు నా లెక్క చెబుతున్నాను. బ్యాడిగి పొడి 20 గ్రాములు, సన్నం కారం 5, ధనియాలు 10, మిరియాలు 8, వెల్లుల్లి పొడి 10, జీలకర్ర 6, ఆవపొడి 5, శొంఠి 4, పసుపు 2. ఇది సీసాలో ఉండవలసిన మసాలా. ఉప్పు 26 గ్రాములు, బెల్లం 20 గ్రాములు సీసాలోకి వెళ్లకూడదు. ఉప్పు ముందురోజు మాంసానికి పడుతుంది, బెల్లం పొడి ఆ రోజు మసాలాతో కలుస్తుంది. ఈ విభజన వల్ల, ఉప్పు లేని ఆ సీసాను కోడికీ, చేపకూ, బంగాళాదుంపల వేపుడుకూ కూడా నిర్భయంగా వాడుకోవచ్చు, ఉప్పు ఎంత పడుతున్నదో ఎప్పుడూ మీ చేతిలోనే ఉంటుంది.

గూడూరు నిమ్మతోట
నిలువ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బెల్లం తేమను లాగుతుంది, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో బెల్లం కలిసిన పొడి వారానికే రాయి అవుతుంది. అది లేకుండా, తడి లేని గాజు సీసాలో, వెలుతురు తగలని అరలో పెడితే రెండు నెలలు వాసన బాగానే నిలుస్తుంది. ఆ తరువాత చెడిపోదు గాని నీరసపడుతుంది, ముఖ్యంగా మిరప రంగు వెలుతురుకు వెలిసిపోతుంది.

పశువైద్యం, ఆత్మకూరు
మసాలా చర్చ బాగుంది గాని, ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. పంది మాంసంలో టీనియా సోలియం అనే బద్దెపురుగు తిత్తులు ఉండే అవకాశం ఉంది. ఆరుబయట తిరిగి మనుషుల మలం తినే పందులకు ఇది సోకుతుంది. కండలో బియ్యపు గింజల్లాంటి తెల్లని తిత్తులు కనిపిస్తే ఆ మాంసం కొనవద్దు. షెడ్లలో దాణా పెట్టి పెంచిన సీమపందికి ఈ ప్రమాదం చాలా తక్కువ, కాబట్టి పెంపకం తెలిసిన చోటే కొనండి. ఉప్పు, కారం, నిమ్మరసం రాసినంత మాత్రాన తిత్తులు చస్తాయని కొందరు నమ్ముతారు, అది సరికాదు. వాటిని చంపేది సెగ.

పంది మాంసం తింటేనే మెదడులో తిత్తులు వస్తాయన్న మరొక అపోహను కూడా తొలగించాలి. సరిగా ఉడకని మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛ తెచ్చే జబ్బు మాత్రం ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, నీటి ద్వారా, కడగని కూరగాయల ద్వారా కడుపులోకి పోవడం వల్ల వస్తుంది. అందుకే పంది మాంసం ముట్టని ఇళ్లలోనూ ఆ జబ్బు కనిపిస్తుంది.

ఉష్ణోగ్రత విషయానికి వస్తే, అమెరికా వ్యవసాయ శాఖ 2011లో తునకలుగా వండే పంది మాంసానికి లోపలి ఉష్ణోగ్రతను 71 డిగ్రీల సెల్సియస్ నుంచి 63కు తగ్గించి, దించాక మూడు నిమిషాలు ఆగమని చెప్పింది. అది అక్కడి పెంపకానికి తగిన సూచన. మనం 71కి తక్కువ కాకుండా వండుకోవడమే క్షేమం.

సింగరాయకొండ పొయ్యి
డాక్టరు గారి మాట శిరోధార్యం, పైగా జబ్బ విషయంలో ఆ అంకె ఎలాగూ దాటిపోతుంది. జబ్బలో కండరాలను కలిపి ఉంచే బంధక కణజాలం ఎక్కువ, అది కరిగి జిగురుగా మారితేనే మాంసం వేలితో విడిపోతుంది. అందుకు లోపల 90 నుంచి 95 డిగ్రీల దాకా నిదానంగా చేరాలి. 125 దగ్గర పెట్టిన ఓవెన్‌లో రెండు కిలోల తునకకు ఐదు గంటలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, గడియారాన్ని నమ్ముకోవద్దు. లోపల 65, 70 మధ్య ముల్లు గంటసేపు కదలకుండా నిలబడిపోతుంది. పైనుంచి ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోవడం వల్ల అలా జరుగుతుంది, ఓవెన్ చెడిపోయిందని కంగారుపడి సెగ పెంచవద్దు. అప్పటికి పైపొర గట్టిపడి ముదురు ఎరుపు తిరిగి ఉంటే అల్యూమినియం రేకు చుట్టేయండి, మసాలా ఇక నల్లబడదు, ముల్లు కూడా మళ్లీ కదులుతుంది.

బొగ్గు మీద కాల్చేవారికి ఒక మాట. సర్కారు తుమ్మ బొగ్గు మన దగ్గర విరివిగా దొరుకుతుంది, సెగ నిలకడగా ఇస్తుంది. బొగ్గును ఒక పక్కకు తోసి, మాంసాన్ని రెండవ పక్కన పెట్టి మూత వేయాలి. నేరుగా నిప్పు మీద పెడితే కొవ్వు కారి మంట లేచి, ఇంత శ్రమపడి కలిపిన మసాలా మసి అవుతుంది. పొగ కోసం ఎండిన మామిడి పేళ్లు, లేదా జామ పేళ్లు రెండు మూడు వేస్తే చాలు. జామాయిల్ కట్టె మాత్రం ససేమిరా వద్దు, దాని నూనె వాసన మాంసానికి మందు వాసన అంటిస్తుంది.

టంగుటూరు కుర్రవాడు
మా గదిలో ఓవెన్ లేదు, బొగ్గుల పొయ్యి లేదు, ఉన్నది కుక్కరు, ఇనుప బాణలి మాత్రమే. ఇదే మసాలాతో తోలు ఉన్న చిన్న ముక్కలు వండుకోవడానికి వీలుంటుందా అన్నయ్యలూ?

నెల్లూరు పెద్దమ్మ
ఎందుకు వీలుండదు నాయనా. అరకిలో ముక్కలకు ఆరేడు గ్రాముల ఉప్పు, పసుపు వేసి, అరగ్లాసు నీళ్లతో కుక్కరులో నాలుగైదు కూతలు రానిచ్చి, మూత తీసి నీరంతా ఇగిరిపోనివ్వు. తరువాత బాణలిలోకి మార్చి దాని కొవ్వులోనే ముక్కలు ఎర్రబడే దాకా వేయించు, నూనె పోయనక్కరలేదు. మసాలా మాత్రం సెగ పూర్తిగా తగ్గించాక, 15 గ్రాములు చల్లి, రెండు నిమిషాలు తిప్పి దించేయి. కరివేపాకు ముందే వేసుకో. బెల్లం జోలికి పోకు.

కావలి కోడలు
ఇప్పుడు స్పష్టత వచ్చింది. ఈ వారంలో బ్యాడిగి కాయలు తెప్పించి, వెల్లుల్లిని ఓవెన్‌లో ఆరబెట్టి, మాస్టారు చెప్పిన కొలతకు రెండింతల మసాలా కలిపి సీసాలో పెడతాను. 23వ తేదీ సాయంత్రం ఉప్పు, 24న మధ్యాహ్నం మసాలా, బెల్లం. పెద్దమ్మ గారి వంటి వాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు కనుక తునకను రెండుగా చేసి ఒకదానికి బెల్లం లేకుండా పట్టిస్తాను. మసాలా అతుక్కోవడానికి ముందుగా నూనె గానీ ఆవ ముద్ద గానీ రాయాలని ఆడపడుచు అంటున్నది, అది అవసరమా?

పొదిలి మాస్టారు
అవసరం లేదు. ఉప్పు వల్ల పైకి వచ్చిన చెమ్మ కొంచెం మిగిలి ఉంటుంది, అదే పట్టుకుంటుంది. మరీ ఆరిపోయినట్లు కనిపిస్తే అరచేతిని తడిచేసి ఒకసారి నిమరండి. రుద్దవద్దు, చల్లి అరచేత్తో అదమండి, రుద్దితే బరక పొడి ఒకచోట కుప్పపడి మరొకచోట మాంసం బోసిగా మిగులుతుంది. రెండు ముక్కలుగా చేస్తున్నారు కనుక ఉప్పును దేని బరువుకు దానికే విడిగా తూచండి, థర్మామీటరును చిన్న తునకకు ముందుగా గుచ్చి చూడండి, అది గంట, గంటన్నర ముందే సిద్ధమవుతుంది.

పశువైద్యం, ఆత్మకూరు
ఆ రోజుకు కావలసిన మసాలాను ముందుగా గిన్నెలోకి తీసుకుని సీసా మూత బిగించండి. పచ్చి మాంసం ముట్టిన చేయి సీసాలోకి వెళ్లకూడదు, గిన్నెలో మిగిలిన పొడిని తిరిగి సీసాలో పోయకూడదు. ఉప్పు రాసిన తునకను ఫ్రిజ్‌లో పెట్టే అర కింద కూరగాయలు, పాలు లేకుండా చూసుకోండి.